పేర్లు రెండే... చేతులెన్నో!

'సంగీతం: రాజ్‌-కోటి'... ఒకప్పుడు ఈ అక్షరాలు తెరమీద పడితే చాలు, నేల టికెట్‌ వరసల్లో ఈలలు మోగేవి. తెలుగు డాన్సు పాటకు కీబోర్డు ఊపు నేర్పిన జట్టు అది. అందులోకి ఎవరొచ్చారు, ఎవరు వెళ్లారు, విడిపోయాక ఎవరేమయ్యారు? బందరులో పుట్టిన కుర్రాడి నుంచి ఆస్కార్‌ విజేత దాకా అందరూ ఉన్న కథ ఇది.

రేడియోలో సినిమా పాటలు వింటూ పెరిగినవాళ్లకు ఆ వరస నోటికొచ్చు. ముందు చిత్రం పేరు. తర్వాత పాట రాసినవారు, పాడినవారు. చివర్లో సంగీతం. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం కృష్ణా తీరంలోని ఇళ్లకు ఇలా ఎన్ని పేర్లను పరిచయం చేసిందో లెక్కలేదు. ఘంటసాల, పెండ్యాల, రాజేశ్వరరావు, చక్రవర్తి... ఒక్కో తరానికి ఒక్కో పేరు.

1980ల చివర్లో ఆ వరసలోకి ఓ కొత్త పేరు చేరింది. రాజ్‌-కోటి! ఒకే గుక్కలో పలికే ఆ పేరు విని అదేదో ఒక్క మనిషే అనుకున్నవాళ్లూ లేకపోలేదు. కాదు, ఇద్దరు. ఆ మాటకొస్తే ఇద్దరూ కాదు... ఓ జట్టు. పాటలో కీబోర్డు వాయించిందెవరు, తాళం యంత్రాన్ని సిద్ధం చేసిందెవరు, చరణానికి ముందు వచ్చే ఆ గమ్మత్తయిన శబ్దాన్ని వెతికి పెట్టిందెవరు? ఆ పేర్లకు రేడియో ప్రకటనలో చోటు లేదు. మనమూ అడగలేదు. తీరా కొన్నేళ్ల తర్వాత తెలిశాక నోరెళ్లబెట్టాం. వాళ్లలో ఒకరు ఏఆర్‌ రెహమాన్‌, ఇంకొకరు మణిశర్మ మరి!

పెద్ద ఇంటి పిల్లలు

రాజ్‌ అసలు పేరు తోటకూర సోమరాజు. 1954లో పుట్టారు. తండ్రి టీవీ రాజు. 'పాండురంగ మహత్యం' (1957), 'శ్రీకృష్ణ పాండవీయం' (1966) లాంటి ఎన్టీఆర్‌ చిత్రాలకు బాణీలు కట్టిన ఉద్దండుడు. కోటి అంటే సాలూరి కోటేశ్వరరావు. రాజ్‌ కన్నా ఏడాది చిన్న. తండ్రి సాలూరి రాజేశ్వరరావు గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? 'మల్లీశ్వరి' (1951), 'మిస్సమ్మ' (1955)... ఆ రెండు పేర్లు చాలు.

అలాంటి ఇళ్లలో పుట్టిన పిల్లలకు సంగీతం ఉగ్గుపాలతోనే అబ్బుతుంది. దాంతోపాటే ఓ బరువూ వచ్చి పడుతుంది. ఏం చేసినా 'నాన్నగారిలా లేదే' అంటారు. ఆ బరువు దించుకోవాలంటే నాన్నలు నడవని దారి ఒకటి కావాలి. ఆ దారి వాళ్లకు మరో పెద్దాయన దగ్గర దొరికింది. ఆయనే చక్రవర్తి.

చక్రవర్తి అసలు పేరు కొమ్మినేని అప్పారావు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1936లో పుట్టారు. 'యమగోల' (1977), 'వేటగాడు' (1979), 'ప్రేమాభిషేకం' (1981), 'ఖైదీ' (1983)... ఏడాదికి పదుల సినిమాలు. పొద్దున ఒక పాట, మధ్యాహ్నానికి ఇంకోటి. అంత పని జరిగేచోట సహాయకులకు తీరిక ఉండదు కానీ చదువు మాత్రం బాగా వస్తుంది. గురువు హార్మోనియం మీద వరస చెబితే, దాన్ని రాసుకుని, ఏ వాద్యం ఎక్కడ మోగాలో పంచి, స్టూడియోలో అందరితో వాయింపించి, టేకు ఓకే అనిపించడం వాళ్ల బాధ్యత. రాజ్‌, కోటి ఈ బడిలోనే ఆరితేరారు. 1987 ప్రాంతంలో అదే బడికి సహాయకుడిగా మరో యువకుడు వచ్చారు. ఆయన కీరవాణి. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1983లో 'ప్రళయ గర్జన'తో రాజ్‌, కోటి కలిసి సొంత దుకాణం తెరిచారు.

యంత్రానికి తాళం నేర్పారు

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రపంచ సంగీతంలో పెద్ద మార్పు జరుగుతోంది. 1980లో జపాన్‌ కంపెనీ రోలాండ్‌ 'టీఆర్‌-808' అనే డ్రమ్‌ యంత్రాన్ని తెచ్చింది. 1983లో యమహా 'డీఎక్స్‌-7' కీబోర్డు వచ్చింది. అదే ఏడాది 'మిడి' అనే పద్ధతి మొదలైంది. పేరు కాస్త కొత్తగా ఉన్నా సంగతి తేలికే. ఒక కంపెనీ కీబోర్డు మీద మీట నొక్కితే, తీగతో కలిపిన ఇంకో కంపెనీ వాద్యం పలుకుతుంది. ఏ స్వరం ఎప్పుడు, ఎంతసేపు, ఎంత గట్టిగా మోగాలో యంత్రం గుర్తుంచుకుని ఎన్నిసార్లు అడిగినా అలాగే వాయిస్తుంది.

మనవాళ్లూ వెనకబడలేదు. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్‌ సింగ్‌ 1982లోనే పది రాగాలను డిస్కో తాళంతో ఈ యంత్రాల మీద వాయించి రికార్డు తెచ్చారు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత 2010లో మళ్లీ విడుదలైతే విదేశాల్లో అబ్బురపడ్డారు. ఇక మద్రాసులో ఇళయరాజా 1986లో 'పున్నగై మన్నన్‌'కి ఇలాంటి యంత్రాలను వాడారు. మనకది 'డాన్స్‌ మాస్టర్‌'గా వచ్చింది.

అంతకుముందు పాట రికార్డింగంటే ఓ పెళ్లి సందడి. వయొలిన్‌లవాళ్లు వరసగా కూర్చునేవారు. తబలా, డోలక్‌, డ్రమ్స్‌, గిటారు, ఫ్లూటు... అంతా ఒకేసారి వాయించాలి. ఒక్కరు తప్పినా మళ్లీ మొదటికే. కీబోర్డు వచ్చాక ఆ సందడిలో సగం ఒక్క బల్లమీదికి చేరింది. పైగా డాన్సు పాటకు యంత్రం ఇంకో మేలు చేసింది. మనిషి వాయించే తాళం పాట చివరికొచ్చేసరికి కాస్త పరుగెత్తుతుంది, లేదా అలసిపోతుంది. యంత్రానికి ఆ బాధ లేదు. మొదట ఎంత వేగమో చివరా అంతే. స్టెప్పులు కూర్చే డాన్స్‌ మాస్టరుకు, వాటిని ముక్కలు ముక్కలుగా చిత్రీకరించే కెమెరాకు అంతకంటే ఏం కావాలి?

ఈ కిటుకును తెలుగు మాస్‌ పాటకు బాగా పట్టించింది రాజ్‌-కోటి జట్టే. అయితే వాళ్లు యంత్రాన్ని తెచ్చి డోలక్‌ను తీసేయలేదు. కింద యంత్రం తాళం, పైన మన దరువు. చుట్టూ కీబోర్డు మెరుపులు, మధ్యలో బాలు, చిత్ర గొంతులు. 1988లో 'యముడికి మొగుడు', 'ఖైదీ నెం.786', 'త్రినేత్రుడు'. మరుసటి ఏడాది 'లంకేశ్వరుడు'. 1993లో 'ముఠామేస్త్రి', 'బంగారు బుల్లోడు'. చిరంజీవి స్టెప్పుకి ఈ జట్టు తాళం తోడై హిట్ల మీద హిట్లు!

ఆ బాణీలకు మాటలు అల్లినవారిలో వేటూరి సుందరరామ్మూర్తి ఒకరు. ఆయనది దివిసీమలోని పెదకళ్లేపల్లి. యంత్రం కొట్టే తాళానికి ఒక్క అక్షరం ఎక్కువైనా పాట కుంటుతుంది. కూచిపూడి దరువులు వినిపించే నేలమీద పుట్టిన కవికి ఆ లెక్క కొట్టిన పిండి.

కీబోర్డు ముందు ఎవరు?

జట్టులో ఎవరెవరు ఉండేవారో చూద్దాం. మొదట చెప్పుకోవాల్సింది దిలీప్‌ అనే కుర్రాడి గురించి. తండ్రి ఆర్‌కే శేఖర్‌ సినిమాలకు సంగీతం కూర్చేవారు. దిలీప్‌కు తొమ్మిదేళ్లప్పుడు ఆయన కన్నుమూశారు. ఇంట్లో ఉన్న వాద్యాలను అద్దెకిస్తే వచ్చే డబ్బులే కొన్నాళ్లు ఆ కుటుంబానికి ఆధారమయ్యాయి. పదకొండేళ్లకే ఇళయరాజా బృందంలో కీబోర్డు ముందు కూర్చున్న దిలీప్‌, తర్వాత రాజ్‌-కోటి దగ్గరా పనిచేశాడు. 1992లో 'రోజా'తో దేశం మొత్తానికీ తెలిసిన ఏఆర్‌ రెహమాన్‌ ఆ కుర్రాడే.

రెండోవాడు యనమండ్ర వెంకట సుబ్రహ్మణ్య శర్మ. మచిలీపట్నంలో 1964లో పుట్టాడు. తండ్రి వయొలిన్‌ కళాకారుడు. కుటుంబం మద్రాసులో స్థిరపడింది. కీబోర్డు మీద చెయ్యి తిరిగాక రాజ్‌-కోటి దగ్గరా, తర్వాత కీరవాణి దగ్గరా పనిచేశాడు. అతడే మన మణిశర్మ. ఇంకొన్నాళ్లకు హారిస్‌ జయరాజ్‌ అనే మరో కుర్రాడు కూడా రాజ్‌-కోటి సహా ఎందరో సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు ప్రోగ్రామింగ్‌ చేశాడు. 2001లో 'మిన్నలే'తో తమిళంలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

ఓ విషయం గమనించారా? దిలీప్‌ తండ్రి పాత పద్ధతి స్టూడియో మనిషి. మణిశర్మ తండ్రి చేతిలో వయొలిన్‌. పిల్లల చేతుల్లో మాత్రం అదే వయొలిన్‌ గుంపును ఒక్క మీటతో పలికించే యంత్రం! కీబోర్డు వచ్చాక స్టూడియోల్లో వాద్యకారులకు పని తగ్గింది. తండ్రుల తరానికి పని తగ్గించిన యంత్రమే పిల్లల తరానికి అన్నం పెట్టింది. బయటివాళ్లెవరో వచ్చి చేసిన మార్పు కాదిది. ఒకే ఇంట్లో ముందు గది నుంచి వెనక గదికి జరిగిన మార్పు.

తిరునాళ్లలో అసలు పరీక్ష

పాట మద్రాసులో పుట్టినా పరీక్ష రాసేది మాత్రం ఇక్కడే. గాంధీనగర్‌లోని డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల నుంచి రీళ్ల పెట్టెలు గుడివాడ, బందరు, తెనాలి థియేటర్లకు చేరేవి. థియేటర్లో పాసైన పాట దసరా పందిరికెక్కుతుంది. అక్కడా నిలబడితే సంక్రాంతికి ఊళ్లో మైకుసెట్టు మీద మోగుతుంది. ఆపైన పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లు, శివరాత్రికి కోటప్పకొండ విద్యుత్‌ ప్రభలు. ప్రభ ముందు వేదిక, వేదిక మీద ఆర్కెస్ట్రా. తెల్లారేదాకా పాటలే.

ఆ ఆర్కెస్ట్రాల రూపాన్ని కూడా రాజ్‌-కోటి తరహా పాటే మార్చింది. పెళ్లి ఊరేగింపు అంటే అంతకుముందు బ్యాండు మేళం. క్లారినెట్‌, ట్రంపెట్‌, పెద్ద డ్రమ్ము... పది పదిహేను మంది. వాళ్లు పాత పాటల్ని భేషుగ్గా వాయించేవారు. కీబోర్డు శబ్దాలతో నిండిన కొత్త పాటను క్లారినెట్‌ మీద పలికిస్తే మాత్రం జనానికి ఆనలేదు. దాంతో వేదికల మీదికి కీబోర్డులు, చేతికర్రలతో కొట్టే రిథమ్‌ ప్యాడ్లు వచ్చాయి. స్టూడియోలో నలుగురైదుగురు కలిసి తయారుచేసిన హంగామాను తిరునాళ్ల వేదిక మీద ఒక్క కీబోర్డు కుర్రాడు రెండు చేతులతో లాక్కురావాలి. ఎడమ చేత్తో బేసు, కుడి చేత్తో మిగతావన్నీ! ఆ తర్వాత ఆ కుర్రాడి స్థానంలోకీ డీజే పెట్టెలు వచ్చేశాయి. ముహూర్తం వేళ సన్నాయి మాత్రం అలాగే ఉంది. అదే నయం.

అన్నదమ్ములు విడిపోయినట్టు...

1994లో 'హలో బ్రదర్‌' విడుదలైంది. నాగార్జున ద్విపాత్రాభినయం. ఒకరికి దెబ్బ తగిలితే ఇంకొకరికి నొప్పి పుట్టే కవలల కథ. పాటలు రాష్ట్రమంతా మార్మోగాయి. విచిత్రం ఏమిటంటే, ఆ కవలలు తెరమీద కలిసిన ఆ రోజుల్లోనే తెర వెనక కవలల్లాంటి రాజ్‌, కోటి విడిపోయారు. అప్పటికి ఇద్దరూ కలిసి చేసిన సినిమాలు వందకు పైమాటే.

జంటలు విడిపోయినప్పుడు జనం అడిగే ప్రశ్న ఒకటుంది. 'ఇంతకీ వాళ్లిద్దరిలో అసలు పనిమంతుడెవరు?' ఈ ప్రశ్నే తప్పు. ఇద్దరు కూర్చుని ఒక పాట చేసేటప్పుడు ఒకరు వద్దనడం కూడా పనే. ఒకరి వరసలోని లోటు ఇంకొకరి చెవికి తెలుస్తుంది. ఆ రెండో చెవి లేకపోతే ఏమవుతుందో విడిపోయాక గానీ తెలియదు.

రాజ్‌ ఒంటరిగా 'సిసింద్రీ' (1995), 'రాముడొచ్చాడు' (1996) చేశారు. 'సిసింద్రీ' పాటల్ని అప్పటి పిల్లలు ఇప్పటికీ మర్చిపోలేదు. కానీ అవకాశాలు క్రమంగా పలచబడ్డాయి. కోటి ప్రయాణం మాత్రం జోరుగా సాగింది. 'పెదరాయుడు', 'రిక్షావోడు' (1995), 'హిట్లర్‌' (1997)... ఆపైన ఆయన మాస్‌ దరువు తగ్గించి మెలోడీ బాట పట్టారు. 'నువ్వే కావాలి' (2000), 'నువ్వు నాకు నచ్చావ్‌' (2001), 'నువ్వే నువ్వే' (2002) పాటలతో కాలేజీ కుర్రకారు మనసు దోచారు. 2004లో వెంకటేష్‌ 'మల్లీశ్వరి'కి సంగీతం కూడా ఆయనదే. యాభై మూడేళ్ల తేడాతో తండ్రీకొడుకులిద్దరికీ ఒకే పేరున్న సినిమా!

బందరు వంతు

రాజ్‌-కోటి ఖాళీ చేసిన మాస్‌ పాట కుర్చీలో ఎవరు కూర్చున్నారో తెలుసుగా? వాళ్ల దగ్గర కీబోర్డు వాయించిన మణిశర్మే. 1992లో రామ్‌గోపాల్‌ వర్మ 'రాత్రి'కి నేపథ్య సంగీతంతో భయపెట్టారు. 1998లో 'బావగారూ బాగున్నారా', 'చూడాలని ఉంది'తో చిరంజీవి పాటల బాధ్యత ఆయన చేతికొచ్చింది. 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002), 'ఒక్కడు' (2003), 'పోకిరి' (2006)... ఒక దశాబ్దం పాటు పెద్ద హీరోల సినిమా అంటే మణిశర్మ పేరే. 2019లో 'ఇస్మార్ట్‌ శంకర్‌'తో కొత్త తరాన్నీ గంతులేయించారు.

మరి మణిశర్మ కీబోర్డు దగ్గర ఎవరు? తమన్‌! దర్శక నిర్మాత ఘంటసాల బలరామయ్య మనవడు. మణిశర్మ దగ్గర ఏళ్ల తరబడి ప్రోగ్రామింగ్‌ చేసి, 2009లో 'కిక్‌'తో సొంతంగా నిలదొక్కుకున్నారు. 'అల వైకుంఠపురములో' (2020) పాటలకు జాతీయ అవార్డు అందుకున్నారు. ఇంకో ముచ్చట... తమన్‌ తండ్రి శివకుమార్‌ డ్రమ్స్‌ కళాకారుడు. ఆయన వాయించింది చక్రవర్తి దగ్గర! పొన్నెకల్లు నుంచి వచ్చిన పెద్దాయన బృందంలో తండ్రి. ఆ పెద్దాయన శిష్యుల శిష్యుడి దగ్గర కొడుకు. బండి చక్రం ఒక చుట్టు తిరిగి మొదలైన చోటికే వచ్చింది. మణిశర్మ కొడుకు మహతి స్వరసాగర్‌ కూడా 'ఛలో' (2018), 'భీష్మ' (2020)తో అదే బాటలో నడిచారు.

అక్కడా ఇదే కథ

ఇది మన ఒక్కరి కథే కాదు. ఎలక్ట్రానిక్‌ సంగీత బృందాలకు పెద్దదిక్కుగా చెప్పుకునే జర్మనీ బృందం 'క్రాఫ్ట్‌వెర్క్‌'నే తీసుకోండి. 1970లో డ్యూసెల్డార్ఫ్‌లో రాల్ఫ్‌ హ్యూటర్‌, ఫ్లోరియన్‌ ష్నైడర్‌ అనే ఇద్దరు మొదలుపెట్టారు. 1974లో 'ఆటోబాన్‌' ఆల్బమ్‌తో ప్రపంచమంతా వాళ్లవైపు తిరిగింది. తర్వాత జట్టులోకి వచ్చినవాళ్లు వచ్చారు, వెళ్లినవాళ్లు వెళ్లారు. ష్నైడర్‌ కూడా 2000ల చివర్లో బయటికొచ్చేశారు, 2020లో మరణించారు. హ్యూటర్‌ మాత్రం కొత్తవాళ్లతో అదే పేరు మీద ప్రదర్శనలు కొనసాగించారు.

తేడా ఒక్కటే. అక్కడ మనుషులు మారినా పేరు మిగిలింది. ఇక్కడ పేరు ఆగిపోయింది, మనుషులు మాత్రం తలో దిక్కుకు వెళ్లి తలో జట్టు కట్టారు. ఏది మేలంటారు? క్రాఫ్ట్‌వెర్క్‌ ఒక్కటే మిగిలింది. రాజ్‌-కోటి నుంచి మాత్రం రెహమాన్‌, మణిశర్మ, హారిస్‌, తమన్‌... ఒక్క గూటి నుంచి ఇన్ని పక్షులు ఎగిరాయి. గూడు చెదిరిన బాధ రాజ్‌దీ కోటిదీ. ఫలితం అనుభవించింది శ్రోతలు.

2009లో రెహమాన్‌ 'స్లమ్‌డాగ్‌ మిలియనీర్‌'కు రెండు ఆస్కార్లు అందుకున్నారు. 2023 మార్చిలో 'ఆర్‌ఆర్‌ఆర్‌' పాటకు కీరవాణికి ఆస్కార్‌ వచ్చింది. చక్రవర్తి దగ్గర సహాయకుడిగా మొదలైన ఆ కీరవాణే. గెలిచింది డాన్సు పాట, అందులో వినిపించింది మన ఊరి దరువు! అది జరిగిన రెండు నెలలకు, మే 21న, రాజ్‌ హైదరాబాద్‌లో కన్నుమూశారు. 68 ఏళ్లు. 'రాజ్‌-కోటిలో రాజ్‌ ఇకలేరు'... దాదాపు మూడు దశాబ్దాల కిందట విడిపోయిన జంట పేరుతోనే లోకం ఆయన్ని తలచుకుంది.

ఇప్పుడు పాట ఫోన్లో వింటున్నాం. వీడియో కింద చూస్తే కీబోర్డు ఎవరు, ప్రోగ్రామింగ్‌ ఎవరు, రిథమ్‌ ఎవరు అని వరసగా పేర్లుంటున్నాయి. ఒకప్పుడు రేడియోలో చోటు దొరకని పేర్లివి. ఈసారి మీ పిల్లలు ఏదో డాన్సు పాట పెట్టి గంతులేస్తుంటే ఆ జాబితాను కిందిదాకా ఓసారి చదవమనండి. మూడో వరసలోనో, నాలుగో వరసలోనో ఉన్న ఆ చిన్న పేరు... పదేళ్ల తర్వాత తెరమీద పెద్ద అక్షరాల్లో కనిపించొచ్చు!